అందరిలో పొడుగు ఎవరు? ఇంగ్లీషులో సూపర్‌లేటివ్ వాడే పద్ధతి

నా మొదటి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో జరిగింది. ‘మీ జిల్లా గురించి చెప్పు’ అన్నారు. నల్గొండ వాణ్ని కాబట్టి నోట్లోంచి సాగర్ డ్యామే వచ్చింది. ‘నాగార్జునసాగర్ ఈజ్ మోస్ట్ బిగ్గెస్ట్ డ్యామ్ దాన్ ఆల్ డ్యామ్స్’ అన్నాను, గొప్పగా. ఎదురుగా ఉన్న పెద్దాయన నవ్వలేదు. ‘ఆల్ డ్యామ్స్ అంటే అందులో సాగర్ కూడా ఉంది కదా, సాగర్ కంటే సాగర్ పెద్దదా?’ అని అడిగాడు. ఆగి, ‘మరి టెహ్రీ సంగతేంటి?’ అన్నాడు. రెండు ప్రశ్నలూ నాకు అర్థం కాలేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఒక్క వాక్యంలో నాలుగు తప్పులున్నాయి. ‘ది’ లేదు. ‘మోస్ట్’, ‘ఎస్ట్’ రెండూ ఒకేసారి పెట్టాను. ‘ఎస్ట్’ ఉన్న వాక్యంలోకి ‘దాన్’ తెచ్చాను. నాలుగోది, చెప్పిన మాటే నిజం కాదు. ఇప్పుడు సాయంత్రం పూట పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఇవే నాలుగు తప్పులు తిరిగొస్తాయి. పిల్లలకు తెలివి లేక కాదు, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఒకే చోట కాలు జారుతుంది. ఆ చోటేదో ముందు చూద్దాం.

ముందు తెలుగు వాక్యాన్ని సరిచూసుకోండి

‘రవి పొడుగు.’ ‘రవి సీను కంటే పొడుగు.’ ‘రవి అందరికంటే పొడుగు.’ మూడు వాక్యాల్లోనూ ‘పొడుగు’ అన్న మాట ఉన్నది ఉన్నట్టే ఉంది. పనంతా పక్కనున్న ‘కంటే’, ‘అందరి’ చేసుకుంటున్నాయి. ఇంగ్లీషులో అట్లా కుదరదు. అక్కడ ఆ మాటే మారాలి: టాల్, టాలర్, టాలెస్ట్. ‘అందరిలో’ అని చెప్పే ఈ మూడో రూపమే సూపర్‌లేటివ్.

చిక్కు ఏంటంటే, మనం రెండో వాక్యంలోనూ మూడో వాక్యంలోనూ అదే ‘కంటే’ వాడతాం. ‘సీను కంటే’ అంటే ‘దాన్ సీను’ కదా, మరి ‘అందరికంటే’ అంటే ‘దాన్ ఆల్’ అయి ఉంటుందనుకుంటాం. ‘రవి ఈజ్ ది టాలెస్ట్ దాన్ ఆల్’ అనే వాక్యం అట్లా పుడుతుంది.

దీనికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. ఇంగ్లీషు మాట ఎత్తే ముందు తెలుగు వాక్యంలో ‘కంటే’ తీసేసి ‘లో’ పెట్టి చూడండి. ‘అందరికంటే పొడుగు’ని ‘అందరిలో పొడుగు’ అనొచ్చు. ‘లో’ కుదిరింది, కాబట్టి ‘ఎస్ట్’. ‘సీను కంటే పొడుగు’ని ‘సీనులో పొడుగు’ అనగలరా? అనలేరు. కాబట్టి అది ‘టాలర్ దాన్ సీను’. ‘దాన్’ ఉన్న చోట ‘ఎస్ట్’ వద్దు, ‘ఎస్ట్’ ఉన్న చోట ‘దాన్’ వద్దు. మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంటే సగం తప్పులు పోతాయి.

తర్వాత మాటను దెబ్బలుగా కొట్టి చూడండి

ఏ మాటకు ‘ఎస్ట్’ తగిలించాలి, ఏ మాటకు ముందు ‘మోస్ట్’ పెట్టాలి? మాటను పలుకుతూ బల్ల మీద దెబ్బ వేయండి. ‘టాల్’ ఒక దెబ్బ. ‘హ్యా-పీ’ రెండు. ‘బ్యూ-టి-ఫుల్’ మూడు. ఒక దెబ్బకు ‘ఎస్ట్’, మూడు అంతకంటే ఎక్కువైతే ‘మోస్ట్’. స్వీటెస్ట్, చీపెస్ట్, డీపెస్ట్. మోస్ట్ బ్యూటిఫుల్, మోస్ట్ ఇంపార్టెంట్, మోస్ట్ ఎక్స్‌పెన్సివ్.

ఇక్కడ మన నాలుక ఒక మోసం చేస్తుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘టాల్’ని ‘టాలు’ అని, ‘స్వీట్’ని ‘స్వీటు’ అని అలవాటుగా అనేస్తాం. అట్లా కొడితే ఒక దెబ్బ పడాల్సిన చోట రెండు పడతాయి, లెక్క తప్పుతుంది. చివర్న వచ్చే ఆ ‘ఉ’ను మింగేసి లెక్కపెట్టండి.

రెండు దెబ్బల మాటలే కాస్త తలనొప్పి. ‘వై’ అక్షరంతో ముగిసే హ్యాపీ, ఈజీ, డర్టీ లాంటివి ‘ఎస్ట్’ వైపు వెళ్తాయి. ఫేమస్, యూజ్‌ఫుల్, కేర్‌ఫుల్, మోడర్న్ లాంటివి ‘మోస్ట్’ వైపు. క్లెవర్, సింపుల్, నారో, క్వైట్ లాంటి కొన్ని ఎటైనా వెళ్తాయి, ఏది వాడినా తప్పు పట్టరు. అనుమానం వస్తే ‘మోస్ట్’ పెట్టుకోండి. ‘ఫేమసెస్ట్’ అంటే గది మొత్తం మీ వైపు తిరుగుతుంది, ‘మోస్ట్ క్లెవర్’ అంటే ఎవరూ తిరగరు. ఇంకో చిన్న సంగతి: ‘టైర్డ్’, ‘బోర్డ్’ ఒక దెబ్బ మాటలే అయినా ‘మోస్ట్ టైర్డ్’, ‘మోస్ట్ బోర్డ్’ అనే అంటారు.

రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వద్దు. ‘మోస్ట్ బిగ్గెస్ట్’ అంటే అన్నం మీద మళ్లీ అన్నమే వడ్డించినట్టు.

రాసేటప్పుడు అక్షరాల సంగతి

మామూలుగా మాట చివర ఇ, ఎస్, టి అనే మూడక్షరాలు చేర్చాలి. మాట చివర ముందే ‘ఇ’ ఉంటే (లార్జ్, నైస్, వైజ్) ఎస్, టి చాలు. చివర ‘వై’ ఉండి దాని ముందు హల్లు ఉంటే ‘వై’ని ‘ఐ’గా మార్చి మూడక్షరాలు చేర్చాలి: డ్రై, హ్యాపీ, హెవీ, జూసీ అన్నీ ఇదే దారి. ‘షై’ మాత్రం వై వదలకుండానే ‘షైయెస్ట్’ అవుతుంది.

చివరి అక్షరం రెట్టింపు చేసే దగ్గర పరీక్షల్లో మార్కులు పోతుంటాయి. బిగ్, హాట్, థిన్, ఫ్యాట్, వెట్, సాడ్ చూడండి. ఒక్క హల్లుతో ముగుస్తాయి, దాని ముందు ఒక్కటే అచ్చు ఉంది. అప్పుడు చివరి హల్లును రెండుసార్లు రాయాలి. హాట్‌లో చివరి ‘టి’ ఒక్కటే ఉంచి ఇ, ఎస్, టి చేరిస్తే చదివేవాడు దాన్ని ‘హోటెస్ట్’ అని చదివేస్తాడు. పొట్టి అచ్చు పొట్టిగానే పలకాలంటే వెనక రెండు హల్లులు కాపలా ఉండాలి. ‘స్వీట్’, ‘డీప్’లలో రెండు అచ్చులున్నాయి, ‘లాంగ్’ చివర ఇప్పటికే రెండు హల్లులున్నాయి. వీటికి రెట్టింపు అక్కర్లేదు. ‘డబ్ల్యు’, ‘ఎక్స్’ను ఎప్పుడూ రెట్టించరు.

నోటితో పలికేటప్పుడు ఒక తేడా: ‘లాంగ్’, ‘స్ట్రాంగ్’, ‘యంగ్’ చివర ‘గ’ గట్టిగా వినపడదు, ముక్కులోనే ఆగిపోతుంది. ‘లాంగెస్ట్’, ‘యంగెస్ట్’ అన్నప్పుడు ఆ ‘గ’ బయటికొస్తుంది.

దారి తప్పిన మాటలు కొన్నే. గుడ్‌కు బెస్ట్, బ్యాడ్‌కు వరస్ట్, ఫార్‌కు ఫార్తెస్ట్ లేదా ఫర్దెస్ట్, లిటిల్‌కు లీస్ట్, మచ్, మెనీలకు మోస్ట్. వీటికి లెక్కల్లేవు, బట్టీ పట్టడమే. ‘లేటెస్ట్’ అంటే అన్నింటికంటే కొత్తది, ‘లాస్ట్’ అంటే చివరిది. నల్గొండ బస్టాండ్‌లో ‘లేటెస్ట్ బస్ ఎప్పుడు?’ అని అడిగితే కొత్తగా కొన్న బస్సు ముందు నిలబెడతారేమో. రాత్రి ఆఖరి బస్సు కావాలంటే ‘లాస్ట్ బస్’ అనాలి.

‘పెద్ద’ అనే మాట దగ్గర ఆగండి

దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే పుస్తకాల్లో దీని గురించి అంతగా చెప్పరు. తెలుగులో ‘పెద్ద’ ఒక్క మాటతో బతికేస్తాం. పెద్ద జిల్లా, పెద్ద డ్యామ్, పెద్ద కొడుకు, పెద్ద గొంతు, పెద్ద మనిషి. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఒక్కోదానికి ఒక్కో మాట. జిల్లా విస్తీర్ణమైతే ‘లార్జెస్ట్’. గొంతైతే ‘లౌడెస్ట్’. కొడుకైతే ‘ఎల్డెస్ట్’. ఊళ్లో వయసులో అందరికంటే పెద్దాయనైతే ‘ఓల్డెస్ట్’. డ్యామ్ దగ్గరైతే ముందు మిమ్మల్ని మీరే అడగాలి: పొడవా, ఎత్తా, నీళ్లా?

ఇంటర్వ్యూలో నేను బోల్తా పడింది ఇక్కడే. సాగర్ ఎత్తు సుమారు 124 మీటర్లు. ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ డ్యామ్ 260 మీటర్లు. ఎత్తులో మన దేశంలో అదే మొదటిది. సాగర్ గొప్పతనం వేరే: అది రాతి కట్టడం, ప్రపంచంలో ఎత్తైన రాతి డ్యాముల్లో ఒకటి. ‘నాగార్జునసాగర్ ఈజ్ వన్ ఆఫ్ ది టాలెస్ట్ మేసన్రీ డ్యామ్స్ ఇన్ ది వరల్డ్’ అని ఉంటే ఆ పెద్దాయన దగ్గర టెహ్రీ ప్రశ్నే ఉండేది కాదు.

ఇంట్లో పిల్లల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మన దగ్గర ముగ్గురు కొడుకులుంటే పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ఇద్దరే ఉన్నా పెద్దోడు పెద్దోడే, చిన్నోడు చిన్నోడే. మాట మారదు. ఇంగ్లీషు మాత్రం తల లెక్కపెడుతుంది. ఇద్దరిలో పెద్దోడు ‘ఎల్డర్’, ముగ్గురు అంతకంటే ఎక్కువమందిలో పెద్దోడు ‘ఎల్డెస్ట్’. అంటే ఇంట్లో నడిపోడు ఉంటేనే పెద్దోడికి ‘ఎస్ట్’ వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో నడిపోళ్లు ఎవరైనా ఉంటే కాలర్ ఎగరేస్తారు. చిన్నోణ్ని ‘స్మాలెస్ట్’ అనకండి, వాడు ‘యంగెస్ట్’. ‘స్మాలెస్ట్’ అంటే ఒడ్డూ పొడుగూ అందరికంటే తక్కువ అని అర్థం వస్తుంది. ‘చిన్న దారి’ అయితే ‘షార్టెస్ట్’.

వస్తువులకూ ఇదే లెక్క. రెండు గ్లాసుల్లో పెద్దది ‘ది బిగర్ ఆఫ్ ది టూ’. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లే రెండింటికి ‘బిగ్గెస్ట్’ అనేస్తుంటారు, అది వేరే సంగతి. పరీక్షలో మీరు అనకండి.

‘ది’ పెట్టండి, ఎప్పుడు తీసేయాలో కూడా తెలుసుకోండి

‘ఎస్ట్’ లేదా ‘మోస్ట్’ ముందు ‘ది’ ఉండాలి. అన్నింట్లో ఒక్కదాన్ని వేలు పెట్టి చూపిస్తున్నాం కదా, ఆ వేలే ‘ది’. పలికేటప్పుడు అచ్చు ముందు ‘ది ఓల్డెస్ట్’ అని, హల్లు ముందు ‘ద బిగ్గెస్ట్’ అని వినపడుతుంది. నేను రాతలో అంతటా ‘ది’ అనే రాస్తున్నాను.

నా, మీ, మా అనే మాటలు ముందు వస్తే ‘ది’ తప్పుకుంటుంది. ‘మై బెస్ట్ ఫ్రెండ్’, ‘అవర్ ఎల్డెస్ట్ డాటర్’. ‘మై ది బెస్ట్ ఫ్రెండ్’ కాదు. ఒకే వస్తువును దానితోనే పోల్చినప్పుడూ ‘ది’ రాదు. చెరువు తూము దగ్గర లోతు ఎక్కువ అనాలంటే ‘ది ట్యాంక్ ఈజ్ డీపెస్ట్ నియర్ ది స్లూయిస్’. ఇక్కడ ఒక చెరువును ఇంకో చెరువుతో పోల్చడం లేదు, ఆ చెరువులోనే ఒక చోటు చెప్తున్నాం.

‘చాలా’ వచ్చినప్పుడు ‘మోస్ట్’ వైపు వెళ్లకండి. ‘చాలా మంచి సార్’ అంటే ‘వెరీ గుడ్’ మాత్రమే. ‘ఒకే ఒక్క’ అన్న మాటకూ ఎస్ట్ ఉండదు. అలంపురం జోగులాంబ గుడి తెలంగాణలో ఉన్న ఏకైక శక్తిపీఠం. దాన్ని ‘ది ఓన్లీ’ అంటే చాలు, ‘మోస్ట్’ అక్కర్లేదు. వరసలో రెండోది, మూడోది చెప్పాలంటే ఆ అంకెను ‘ది’కి, ‘ఎస్ట్’కి మధ్యలో పెట్టండి. విస్తీర్ణంలో భద్రాద్రి కొత్తగూడెం తర్వాత మన జిల్లానే పెద్దది. ‘నల్గొండ ఈజ్ ది సెకండ్ లార్జెస్ట్ డిస్ట్రిక్ట్ ఇన్ తెలంగాణ.’

‘ఇన్’ ఎక్కడ, ‘ఆఫ్’ ఎక్కడ

మన ‘లో’కు ఇంగ్లీషులో రెండు దారులు. ‘లో’ ముందు ఉన్నది చోటో, గుంపు పేరో అయితే ‘ఇన్’: ఊళ్లో, క్లాసులో, జిల్లాలో, ఇంట్లో. ‘లో’ ముందు ఉన్నవాటిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగితే ‘ఆఫ్’: ముగ్గురిలో, అన్నింట్లో, ఈ బత్తాయిల్లో. ‘ది టాలెస్ట్ ఇన్ ది క్లాస్’, ‘ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ’. కాలానికి సాధారణంగా ‘ఆఫ్’ వస్తుంది. మన దగ్గర మే నెల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ, ‘మే ఈజ్ ది హాటెస్ట్ మంత్ ఆఫ్ ది ఇయర్’.

‘వన్ ఆఫ్ ది’ తర్వాత ‘ఎస్’ మర్చిపోకండి

బస్టాండ్ దగ్గర ఒక బడి వాళ్లు కట్టిన ఫ్లెక్సీ చూశాను. ‘వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్ ఇన్ ది డిస్ట్రిక్ట్’ అని, మనిషంత అక్షరాలు. బడి పేరు ఇక్కడ అనవసరం. ఫ్లెక్సీ కడుతున్న అబ్బాయితో ‘స్కూల్ కాదు తమ్మీ, స్కూల్స్ అనాలి’ అన్నాను. ‘ఒక్కటే బడి కదా సార్’ అన్నాడు. వాడి అనుమానం న్యాయమైనదే. కానీ తెలుగులో మనం ఏమంటాం? ‘మంచి బడుల్లో ఒకటి.’ ‘బడిలో ఒకటి’ అనం. ఇక్కడ తెలుగు మనల్ని తప్పుదారి పట్టించడం లేదు, మనమే తెలుగు మాట వినడం లేదు. కాబట్టి ‘వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్స్’. క్రియ మాత్రం ఆ ‘ఒకటి’ వెంట వెళ్తుంది: ‘వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్స్ ఈజ్…’, ‘ఆర్’ కాదు.

గొప్పలు చెప్పుకునేటప్పుడు ‘వన్ ఆఫ్ ది’ మంచి గొడుగు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతే తీసుకోండి. సుమారు 700 ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాల దాకా ఊడలు దిగి ఉంటాయి. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. పాలమూరు వాళ్లకు అది ఇంట్లో ముసలమ్మ లాంటిది. అయినా ‘ది బిగ్గెస్ట్ బన్యన్ ట్రీ ఇన్ ఇండియా’ అనకండి. అనంతపురం వైపు తిమ్మమ్మ మర్రిమాను ఉంది, 1989లోనే గిన్నిస్ బుక్‌కు ఎక్కింది. ‘వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ బన్యన్ ట్రీస్’ అనండి, ఎవరూ కాదనలేరు.

పరీక్షకు రాసేవాళ్లకు

పదో తరగతి నుంచి పోటీ పరీక్షల దాకా ఒకే అర్థాన్ని మూడు రకాలుగా మార్చమంటారు. దక్షిణ భారతంలో అన్నింటికంటే పొడవైన నది గోదావరి. మనది కృష్ణా తీరమే అయినా ఒప్పుకోవాలి: గోదావరి 1,465 కిలోమీటర్లు, కృష్ణ 1,400.

‘ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ సౌత్ ఇండియా.’
‘ది గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా.’
‘నో అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి.’

రెండో వాక్యంలో ‘అదర్’ చూడండి. అది లేకపోతే గోదావరి గోదావరి కంటే పొడుగని అర్థం వస్తుంది. ఇంటర్వ్యూలో పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే, నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ‘ఎనీ అదర్’ తర్వాత ‘రివర్’ ఏకవచనమే.

‘వన్ ఆఫ్ ది’ వాక్యమైతే దారి మారుతుంది. సాగర్ వాక్యాన్ని ‘టాలర్ దాన్ మోస్ట్ అదర్ మేసన్రీ డ్యామ్స్’ అని ఒక రకంగా, ‘వెరీ ఫ్యూ మేసన్రీ డ్యామ్స్ ఆర్ యాజ్ టాల్ యాజ్ నాగార్జునసాగర్’ అని ఇంకో రకంగా మార్చాలి. ఇక్కడ ‘ఎనీ అదర్’ రాస్తే ఒక మార్కు పోయినట్టే.

ఇక మార్కెట్‌కు పదండి

పుస్తకం మూసేసి బత్తాయి బండి దగ్గరికి వెళ్లండి. నల్గొండలో బత్తాయికి కొదవేముంది. మూడు కుప్పలు ఉంటాయనుకుందాం: కిలో 40, 60, 80. నోటితో కాదు, మనసులోనే అనుకోండి. అన్నింట్లో అగ్గువది ‘ది చీపెస్ట్’. అన్నింట్లో పిరమైనది ‘ది మోస్ట్ ఎక్స్‌పెన్సివ్’, కావాలంటే ‘ది కాస్ట్‌లియెస్ట్’. కోసి ముక్క ఇస్తే తియ్యనిది ‘ది స్వీటెస్ట్’, రసం కారేది ‘ది జూసియెస్ట్’. 40, 60 కుప్పలు రెండే మిగిలితే? అప్పుడు అగ్గువది ‘ది చీపర్ ఆఫ్ ది టూ’. 80 కుప్ప అమ్ముడుపోగానే ‘ఎస్ట్’ కూడా దానితో వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తిన్నాక ఇంకో వాక్యం. ‘ఇంత తియ్యటి బత్తాయి ఎప్పుడూ తినలేదు’ అని మనం ‘లేదు’ అంటూ చెప్తాం. ఇంగ్లీషు దీన్ని ‘ఉంది’ అంటూ చెప్తుంది: ‘దిస్ ఈజ్ ది స్వీటెస్ట్ బత్తాయి ఐ హావ్ ఎవర్ ఈటెన్.’ ‘నెవర్’ కాదు, ‘ఎవర్’. ‘హావ్’ తర్వాత క్రియ మూడో రూపం. ఇది మొదట్లో నోరు తిరగదు, పదిసార్లు అంటే తిరుగుతుంది.

రాత్రికి ఈ నాలుగూ ఇంగ్లీషులో రాయండి, కింద జవాబులు చూడకుండా. మా ఇంట్లో అందరికంటే చిన్నది లత. ఈ మూడు బావుల్లో ఇది లోతైనది. మా ఊరి మంచి డాక్టర్లలో ఆయన ఒకరు. ఇంత ఎండ నేనెప్పుడూ చూడలేదు, ఇవాళే.

‘లత ఈజ్ ది యంగెస్ట్ ఇన్ అవర్ ఫ్యామిలీ.’ ‘దిస్ ఈజ్ ది డీపెస్ట్ ఆఫ్ ది త్రీ వెల్స్.’ ‘హి ఈజ్ వన్ ఆఫ్ ది బెస్ట్ డాక్టర్స్ ఇన్ అవర్ విలేజ్.’ ‘టుడే ఈజ్ ది హాటెస్ట్ డే ఐ హావ్ ఎవర్ సీన్.’ చివరి దాంట్లో హాటెస్ట్‌కు మధ్యలో ‘టి’ రెండుసార్లు రాశారా, చూసుకోండి.